పది దసరాల రంగు

రామాంజులు తొట్టిలోంచి పటకారుతో మూతను తీసేసరికి అది నల్లబడి ఉంది. వేలితో తాకితే పొడి రాలింది. పొడి కింద గుంటలు కనిపించాయి.

1958 మే నెల, ఆదివారం. తొట్టి ప్రొద్దుటూరులో నూలుకు రంగులద్దే కార్ఖానాది. అద్దకానికి కాస్టిక్ సోడా వాడతారు. ఇనప సామాను మీద జిడ్డు, రంగు వదలాలంటే ఊళ్లో మెకానిక్కులు అక్కడికే తెచ్చి ముంచుతారు. ఆ ఉదయం రామాంజులు మోటారు సైకిలు సిలిండరును ముంచాడు. గంటలో రంగు ఊడి ఇనుము బయటపడింది. ఆ ధైర్యంతో ఇంజను మూతను కూడా ముంచాడు. సిలిండరు ఇనుము. మూత అల్యూమినియం.

ఇక మిగిలింది ఇంజను కేసు. అదీ అల్యూమినియమే. ఇంజను నంబరు దాని మీదే ఉంది.

బండి కొండయ్యది. ఆయన జమ్మలమడుగులో పశువుల ఆసుపత్రి కాంపౌండరు. యుద్ధం అయ్యాక సైన్యం వేలంలో అమ్మిన బి.ఎస్.ఏ. బండి అది. మొదట కొన్నది ప్రొద్దుటూరులో ఒక శనక్కాయల నూనె మిల్లు యజమాని. ఆ మిల్లులో ఏటా ఆయుధపూజకు ముందు యంత్రాలన్నిటికీ రంగు వేసేవాళ్లు. మిగిలిన రంగు బండికి వేసేవాళ్లు, ఇంజనుతో సహా. పది దసరాలు అలా గడిచాయి. గాలి తగలాల్సిన సిలిండరు రెక్కల మధ్య రంగు నిండి ఇంజను వేడెక్కేది. నంబరు రంగు కింద పడిపోయి, పైకి నిస్సారమైన గుంటలే మిగిలాయి. 1955 నవంబరులో కొండయ్య కొన్నప్పుడు బండి పాత రిజిస్ట్రేషను పుస్తకం నూనెలో నానిపోయి ఉంటే, ఆఫీసులో కొత్తది రాసిచ్చారు.

బళ్లను తనిఖీ చేసే ఏప్రిల్ క్యాంపులో బ్రేక్ ఇన్‌స్పెక్టరు నంబరు చదవబోయి, ఇదీ అని తేల్చుకోలేకపోయాడు. మే క్యాంపు గురువారం, జమ్మలమడుగు ట్రావెలర్స్ బంగళాలో. అప్పటికి నంబరు కనిపించాలన్నాడు. ఆకురాయి గీత ఒక్కటి కనబడినా నంబరు మార్చినట్టు రాసి బండిని పోలీసు స్టేషనులో పెట్టిస్తానన్నాడు. జూన్ వానలకు ముందు కొండయ్య ముప్పై ఒక్క ఊళ్లలో పశువులకు గొంతువాపు టీకాలు వేయాలి. బస్సు దిగి నడిస్తే రోజుకు ఒక ఊరు. బండి ఉంటే మూడు.

రామాంజులు మూతను గుడ్డలో చుట్టుకుని పక్క సందులో నూరుల్లా దగ్గరికి వెళ్లాడు. కొండయ్య వెంట ఉన్నాడు. నూరుల్లా ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి పూస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. మూతను వెలుతురులోకి తిప్పి చూశాడు.

"సత్తును సోడాలో ఏసినావా? మీ ఇంట్లో ఆడోళ్లను అడిగినా చెప్తారు గదప్పా. సత్తు గిన్నెలో సోడా ఏసి ఎవురన్నా ఉడకబెడతారా?"

"ఇనుము బాగొచ్చె గదా అని ఏసినా మామా."

"బాగొచ్చె. ఇది బాగ పాయ."

మూత నూనె కారకుండా పని చేస్తుందని నూరుల్లా చెప్పాడు. కేసు సంగతి కొండయ్య అడిగాడు. గీకకుండా, సోడా లేకుండా రంగు ఊడుతుందా అని. ఊడుతుందన్నాడు నూరుల్లా. నూనె రంగు వేడికి మెత్తబడుతుంది. వేడి అంతటా ఒకేలా తగలాలి, మంట తగలకూడదు. అలాంటి వేడి కళాయి కొలిమిలో రాదు. ఇసుకలో వస్తుంది.

సోమవారం సాయంత్రం ముగ్గురూ కేసును మోసుకుని నాగేంద్రమ్మ బొరుగుల బట్టీకి వెళ్లారు. ఆమె పెన్నా ఇసుకను మంగలంలో కాచి, అందులో బియ్యం పోసి బొరుగులు వేయిస్తుంది. ఆ రోజు వేయింపు అయిపోయింది. వాళ్లు వచ్చిన పని విని ఆమె గరిటె కింద పెట్టలేదు.

"నా మంగలంలో రంగు కంపు కొడితే రేపు బొరుగులు ఎవురు తింటారు? మీ బండి తింటాదా?"

ఇసుక మీద ఇనపరేకు పరిచి కేసును రేకు మీద పెడతానని, రంగు ఇసుకకు తగలదని నూరుల్లా చెప్పాడు. వారానికోసారి పారబోసే ఇసుకే కదా, రేపు కొత్తది తెస్తానని రామాంజులు అన్నాడు. ఆమె తన రెండు బిందెలకు కళాయి పూయాలంది. నూరుల్లా సరేనన్నాడు.

వేడి ఎంత ఉండాలో చూసింది నాగేంద్రమ్మే. రేకు మీద నాలుగు బియ్యపు గింజలు వేసింది. అవి పేలాయి. పొయ్యిలోంచి రెండు కట్టెలు లాగించి మళ్లీ వేసింది. ఈసారి గింజలు పేలకుండా ఎర్రబడ్డాయి. నూరుల్లా తల ఊపాడు. కేసును రేకు మీద పెట్టి పైన గోనెపట్టా కప్పారు.

అరగంటకు రంగు పొంగింది. నూరుల్లా వెదురు బద్దను అంచు కిందకు పోనిచ్చి నెట్టాడు. రంగు పొరలుగా కాక, మొత్తం ఒకే తోలులా లేచింది. అంచున పొరలు కనిపించాయి. పచ్చ, ఎరుపు, బూడిద, మళ్లీ పచ్చ. రెండు పొరల మధ్య ఒకచోట కుంకుమ బొట్టు అలాగే ఉంది. అన్నిటికీ అడుగున సైన్యం వేసిన ఖాకీ.

నంబరు దగ్గరికి వచ్చాక రామాంజులు స్క్రూడ్రైవరు అందించబోయాడు. నూరుల్లా దాన్ని వెనక్కి నెట్టి, బద్దను ఇంకా పలచగా చెక్కుకున్నాడు. రెండు వేళ్ల వెడల్పు ముక్క విరగకుండా ఊడింది. దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టాడు.

కొండయ్య పుస్తకం తీసి ఒక్కొక్క అంకె చదివాడు. రామాంజులు కేసు మీద చూస్తూ ఊ కొట్టాడు. చివరి అంకెకు ఊ కొట్టలేదు. పుస్తకంలో మూడు ఉంది. కేసు మీద ఎనిమిది ఉంది.

ముగ్గురూ మార్చి మార్చి చూశారు. ఎనిమిదే. కొండయ్య పుస్తకం మూసి బట్టీ అరుగు మీద కూర్చున్నాడు. మరొకరి ఇంజను తెచ్చి పెట్టుకున్నాడని ఇన్‌స్పెక్టరు రాస్తే బండితో పాటు ఉద్యోగం మీదికీ రావచ్చు.

రామాంజులు గొంతు తగ్గించి, ఎనిమిదికి ఎడమ పక్క సీసం పోసి నున్నగా చేస్తే మూడు అవుతుందని, తను చేయగలనని చెప్పాడు. కొండయ్య వద్దనలేదు. నూరుల్లా వైపు చూశాడు.

"నేను రంగు తీస్తానన్నా. నంబరు పుట్టిస్తానని అన్లేదు," అన్నాడు నూరుల్లా.

నాగేంద్రమ్మ గట్టు ఊడ్వడానికి రంగు ముక్కను తీసింది. తూకపు రాళ్ల మీద అంకెలు చదివే అలవాటు ఆమెకు ఉంది. ముక్క పైవైపును దీపం దగ్గర పెట్టుకుంది.

"ఈడ మూడే ఉంది గదప్పా."

నూరుల్లా ముక్కను తీసుకున్నాడు. పది పొరల రంగు పైన నంబరు గుంటలుగా కనిపిస్తోంది. చివరి అంకెకు ఎడమ పక్క రంగు పేరుకుని పూడిపోయింది. కుడి పక్క మిగిలింది మూడులా ఉంది. ముక్కను తిప్పాడు. అడుగున, లోహాన్ని అంటుకున్న వైపు, ఎనిమిది ఉబ్బెత్తుగా ఉంది.

"పుస్తకం రాసినోడు దీన్ని చూసి రాసినాడు. వాడి తప్పు గాదు, నీ తప్పు గాదు. దీన్ని పోగొట్టాకు."

నాగేంద్రమ్మ బొరుగులు కట్టే కాగితంలో ముక్కను పొట్లం కట్టి ఇచ్చింది. రామాంజులు కేసును కిరసనాయిలుతో కడిగాడు. మంగళ, బుధవారాలు ఇంజను బిగించాడు. సీసం మాట మళ్లీ ఎత్తలేదు.

గురువారం ఇన్‌స్పెక్టరు బంగళా ముందు బండి పక్కన గొంతుకూర్చుని భూతద్దంతో నంబరు చూశాడు. అంకెల చుట్టూ గోరు పోనిచ్చి చూశాడు. గీతలు లేవు. మూత మీద గుంటలేమిటని అడిగాడు. సోడా అని కొండయ్య చెప్పాడు. తర్వాత పుస్తకం తెరిచి, చివరి అంకె మీద వేలు ఆపాడు.

కొండయ్య పొట్లం విప్పాడు.

ఇన్‌స్పెక్టరు ముక్కను కేసు మీద ఆనించాడు. అంకెలు అంకెల్లో కూర్చున్నాయి. తీసి, అంచున పొరలను పెన్సిలు మొనతో లెక్కపెట్టాడు. పది, అడుగున ఖాకీ. ఆయనది కోస్తా జిల్లా.

"ఆయుధపూజంటే ఆయుధాన్ని పూజించడమనుకున్నానండీ. మీవాళ్లు పూడ్చిపెడుతున్నారు."

"ఇంక బొట్టు పెట్టి వదిలేస్తా సార్," అన్నాడు కొండయ్య.

ఇన్‌స్పెక్టరు మూడును ఎర్రసిరాతో కొట్టేసి పైన ఎనిమిది రాశాడు. పక్కన సంతకం పెట్టాడు. ముక్కను తన ఫైలుకు కుట్టించమని బంట్రోతుకు ఇచ్చాడు. కాగితం మాత్రం కొండయ్యకు తిరిగి వచ్చింది. అందులో నాలుగు బొరుగులు ఉంటే నోట్లో వేసుకున్నాడు.

మందు పెట్టెను వెనక కట్టుకుని దేవగుడి దారి పట్టాడు. రెండున్నరేళ్లుగా ఆ దారిలో ఒక కల్వర్టు దగ్గర ఇంజను చల్లారేదాకా పావుగంట ఆగేవాడు. ఆ రోజు కల్వర్టు దగ్గర వేగం తగ్గించి, రెక్కల పక్కగా అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఆగలేదు.