రొడెల్‌కి కట్టిన గుమ్మడికాయ

రొడెల్ బగ్తాస్ ఈ ఉదయం మా మెస్సుకి వచ్చేసరికి ఉప్పుడబ్బా అంత ఉన్నాడు. నిన్నటిదాకా కుర్చీలో కూర్చుని పెసరట్టు తినేవాడు. ఇవాళ చంకలో చెయ్యి వేసి ఎత్తి బల్ల మీద కూర్చోబెడుతున్నాను.

"నిన్న ఎవరు పొగిడారు నాయనా?"

"టీవీ వాళ్ళండి పిన్నిగారూ. వద్దండి బాబూ అంటున్నా వినలేదండి. గంటసేపు పొగిడారండి."

రొడెల్ అంటే ఈ ఫిలిప్పీన్స్‌లో తెలియనివాళ్ళు లేరు. పాటలు పాడతాడు, సినిమాల్లో హీరో వేషాలు వేస్తాడు. వాడు తెరమీద ఏడిస్తే హాల్లో పంకాలు కూడా ఆగి ఏడుస్తాయి. మా దవావో ఊరి బజార్లో వాడి బొమ్మ ఆరంతస్తుల మేడంత ఉంది. బొమ్మ పెరిగేకొద్దీ మనిషి తరిగిపోతున్నాడు. దీన్ని ఇక్కడివాళ్ళు బుయాగ్ అంటారు, మనం దిష్టి అంటాం. పేరు ఏదైతేనేం, జబ్బు ఒకటే.

వాడు తెలుగు మాట్లాడటంలో వింతేమీ లేదు. నా పేరు అనంతలక్ష్మి, మాది కాకినాడ. ఇక్కడ డాక్టరు చదువుకొచ్చిన మన పిల్లల కోసం మెస్సు నడుపుతున్నాను. నా చేతి వంట నాలుగు పూటలు తింటే ఎవరికైనా తెలుగు వచ్చేస్తుంది. గోంగూర పచ్చడి మారు వడ్డించుకున్నవాళ్ళకి కాకినాడ యాస కూడా వస్తుంది.

మెస్సుకి ఎదురుగా వాళ్ళమ్మ పసీత బండి ఉంది. అరటిపళ్ళు పంచదారలో వేయించి పుల్లలకి గుచ్చి అమ్ముతుంది. లోకమంతా పొగిడిన కొడుకుని ఆవిడ ఇంతవరకూ ఒక్క మాట మెచ్చుకోలేదు. ఏడేళ్ళప్పుడు వాడు జాతరలో పాటల పోటీ గెలిచి, బహుమతిగా ఇచ్చిన పందిపిల్లని ఎత్తుకుని పరిగెత్తుకొస్తే, "కాళ్ళు కడుక్కో" అందట. పెద్దయ్యాక ఉత్తమ నటుడు బహుమతి తెస్తే, "అన్నం చల్లారిపోతోంది" అందట.

రొడెల్ పెసరట్టు అంచు మీద కూర్చుని అల్లం ముక్కని రెండు చేతులతో పట్టుకుని కొరుకుతున్నాడు.

"సాయంత్రం జాతరలో పాడుతున్నానండి. అమ్మ వస్తానంది. 'బాగా పాడావురా' అని ఒక్కసారంటే చాలండి నాకు."

"అంటే ఏమవుతావు?"

"అయిపోతానండి. పైవాళ్ళ మాటకే ఇంతయ్యాను. అమ్మ మాటకి ఇంకేం మిగుల్తానండీ?"

"పోనీ, అనకపోతే?"

"ఉంటానండి. ఉండి ఏం చేసుకోనండీ?"

నాకు ఒళ్ళు మండిపోతుంది. గరిటె అక్కడే పడేసి రోడ్డు దాటి పసీత దగ్గరికి వెళ్తున్నాను. ఇవాళ రోడ్డు కాస్త వెడల్పుగా ఉంది, మధ్యలో ఒకచోట ఆగి మజ్జిగ తాగాల్సి వస్తుంది.

"ఏం వదినగారూ, కన్నకొడుకుని ఒక్క మంచి మాట అంటే మీ సొమ్మేం పోయింది?"

పసీత నా వైపు తిరుగుతుంది. ఆవిడ బుగ్గలు రెండూ బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. పంటినొప్పేమో అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. కాదు, అవన్నీ అనకుండా దాచుకున్న మాటలు.

"నేనంటే వాడుండడు వదినా. అందుకే నోరు నొక్కుకుని కూచున్నాను. పందిపిల్లని తెచ్చిననాడు కాళ్ళు కడుక్కోమన్నానా, లోపల నా గుండె ఎగిరి దూలానికి కొట్టుకుంది తెల్సా!"

"దీనికి మందు లేదా మీ ఊళ్ళో?"

"ఎందుకు లేదూ? పొగిడినవాళ్ళే బొటనవేలు ఉమ్మితో తడిపి, వాడి పాదానికి రాయాలి. దిగిపోద్ది. కానీ దేశం దేశాన్ని వరసలో నిలబెట్టి రాయించగలమా?"

"మీ మాటకి మీరే రాయొచ్చుగా."

"తల్లి మాట వదినా! అదెంత బరువుంటదో ఎవరు తూచారు? నేను వంగి వేలు ఆనించేలోగా పాదమే లేకపోతే?"

అదీ నిజమే. నేను తిరిగొచ్చి ఆలోచిస్తున్నాను. వీళ్ళ మందు పనికి రాకపోతే మన మందు ఉందిగా. బజారుకి పోయి మంచి బూడిద గుమ్మడికాయ తెస్తున్నాను. పసుపు రాసి, కుంకం పెట్టి, బొగ్గుతో మీసం, గుడ్లురిమే కళ్ళు గీస్తున్నాను. గుమ్మడికాయని గుమ్మానికే కట్టాలి, మనిషికి కట్టకూడదు. అది నాకు తెలియక కాదు. కానీ హోటలు గదుల్లో బతికేవాడికి గుమ్మం ఎక్కడిది? అందుకని కాయని మా గుమ్మానికి వేలాడదీసి, తాడు రెండో కొస రొడెల్ మణికట్టుకి ముడి వేస్తున్నాను.

వెంటనే పని చేస్తుంది. దారిన పోయే చేపలమ్మే ఆవిడ లోపలికి తొంగిచూసి, "రొడెల్! నీ గొంతు తేనెరా అబ్బాయ్!" అంటుంది. ఆ మాట చీమలా తాడు మీద పాక్కుంటూ వెళ్ళి గుమ్మడికాయలో దూరుతుంది. రొడెల్ అక్కణ్ణుంచి గ్లాసంత, చెంబంత, బిందెంత అవుతున్నాడు. మధ్యాహ్నానికి పూర్తి మనిషై, నాలుగు పెసరట్లు లాగించి, మా పిల్లలతో వంతులేసుకుని మెట్లు దూకుతున్నాడు.

"ఆకలేస్తోందండి పిన్నిగారూ! ఎన్నాళ్ళైందండీ ఇంత ఆకలేసి!"

వాణ్ణి చూస్తుంటే నాకు కడుపు నిండిపోతోంది.

గుమ్మడికాయ కూడా ఊరుకోవడం లేదు. దానికి గొంతు వచ్చింది. మొదట గుమ్మం దగ్గర కూనిరాగం తీస్తుంది, తర్వాత పల్లవి ఎత్తుకుంటుంది. భోజనాల వేళకి ఒక డైరెక్టరు గారు కారు దిగి, దాని ముఖంలోకి చూసి, "ఎంత నిబ్బరం! ఇలా కళ్ళార్పకుండా నటించేవాణ్ణి నేను చూడలేదు" అంటారు. మూడింటికల్లా దాని సినిమా ఆడుతోంది. హీరోయిన్ దాన్ని తప్ప పెళ్ళాడనని ఏడుస్తోంది. రొడెల్ బొమ్మ మీద దాని బొమ్మ అంటించేశారు, మీసంతో సహా.

సాయంత్రం జాతర. వేదిక మీద రొడెల్ నిలబడి పాడుతున్నాడు. మా గుమ్మం నుంచి దిగొచ్చిన గుమ్మడికాయ పక్కన కుర్చీలో కూర్చుంది. మధ్యన నా తాడు. చప్పట్లు మోగినప్పుడల్లా గుమ్మడికాయే ముందుకి వంగి దణ్ణం పెడుతోంది. రొడెల్‌కి అదేం పట్టలేదు. వాడి కళ్ళు ముందు వరసలో వాళ్ళమ్మ బుగ్గల మీదే ఉన్నాయి.

పాట అయిపోతుంది. వాడు ఇంత గొప్పగా ఎప్పుడూ పాడలేదు. పసీత లేచి నిలబడుతుంది. పూర్తి మనిషిగా ఉన్న కొడుకుని చూసి ఆవిడకి ధైర్యం వచ్చింది. పెదవులు విచ్చుకుంటున్నాయి. "బా" అంటుంది.

ఆ "బా" తిన్నగా తాడెక్కుతుంది.

అప్పుడు వెలుగుతుంది నా మట్టిబుర్రకి. ఓరి నాయనో! పొగడ్తలన్నీ కాయకే పోతుంటే, ఆ తల్లి మాట మాత్రం కొడుక్కి ఎలా చేరుతుంది? పాతికేళ్ళు దాచిన మాట గుమ్మడికాయ తినేస్తుంది! ఆవిడ జాతరకి తోసుకొచ్చిన బండి మీద నుంచి వేడి అరటిపండు ఒకటి లాగి పసీత నోట్లో కుక్కేస్తున్నాను.

"నమలండి వదినగారూ. నేను చెప్పేదాకా మింగకండి."

వేదికెక్కి గుమ్మడికాయ ముందు నిలబడుతున్నాను. అది నన్ను చూడగానే విషయం గ్రహించింది.

"ఆ ఒక్క మాట నాకొదిలెయ్యండి పిన్నిగారూ. తీగకి పుట్టినవాణ్ణి. తీగ ఎవర్నీ మెచ్చుకోదండి."

పొద్దున్న నేనే మీసం గీశాను దానికి.

"ఆ మాట వాడిదిరా తండ్రీ. నువ్వు దిష్టికాయవి. నీ పని పగలడం."

దానికి కళ్ళార్పడం రాదు కాబట్టి ఏడుపు కూడా నిబ్బరంగానే ఏడుస్తుంది.

"అయితే నాలుగు రోడ్ల కూడలిలో పగలగొట్టండి. అందరూ చూడాలండి. నటుణ్ణి కదా!"

ఊరంతా కూడలికి నడుస్తోంది. నేను కాయని ఎత్తి నేలకేసి కొడుతున్నాను. పగిలింది. డైరెక్టరు గారు "ఇంకొక్కసారి" అంటారు. ముక్కలు లేచి, అతుక్కుని, మళ్ళీ నా చేతుల్లోకి వస్తున్నాయి. రెండోసారి ఇంకా బాగా పగులుతుంది. జనం కళ్ళొత్తుకుంటున్నారు. తాడు తెగింది, గింజలన్నీ రోడ్డు మీద చెల్లాచెదురయ్యాయి.

ఇక ఆ తల్లికీ కొడుక్కీ మధ్య ఏ అడ్డూ లేదు. పసీత పండు మింగింది కానీ నోరు తెరవదు.

"అనమ్మా" అంటాడు రొడెల్.

"పోతావురా."

"పోతే పోతానమ్మా. విని పోతాను."

ఆవిడ నా వైపు చూస్తుంది. నాకు మాత్రం ఏం తెలుసు? తల ఊపుతున్నాను.

"బాగా పాడావురా నాన్నా" అంటుంది పసీత.

రొడెల్ ముఖం వెలిగిపోతుంది. ఆ వెలుగుతోనే బిందెంత, చెంబంత, ఉప్పుడబ్బా అంత, చింతగింజంత, ఆవగింజంత అయిపోతున్నాడు. పసీత మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలు నాలికకి ఆనించి, నేలంతా వెతుకుతోంది. కన్నకొడుకు పాదం తల్లికి దొరక్కపోతుందా! వేలు ఒకచోట ఆగుతుంది. సుతారంగా రాస్తుంది.

వేలి కింద నుంచి కూనిరాగం వినిపిస్తోంది. తర్వాత వేలిని పైకి నెట్టుకుంటూ రొడెల్ లేస్తున్నాడు.

పసీత ఇక ఆగదు. ఒకసారి మూత తీశాక ఆ బుగ్గల్ని ఎవరాపగలరు? "పందిపిల్లని తెచ్చినప్పుడూ బాగా పాడావురా!" అంటుంది, వేలు రాస్తుంది. "జ్వరంతో పాడావే, అప్పుడూ బాగా పాడావు!" మళ్ళీ రాస్తుంది. "ఆ సినిమాలో ఏడ్చావు చూడు, ఆ హాల్లో నాకంటే గట్టిగా ఎవరూ ఏడవలేదురా!" మాటకి జానెడు తరుగుతున్నాడు, వేలికి బారెడు పెరుగుతున్నాడు. లెక్కలు రాని నాకే ఇది లాభమని తెలుస్తోంది.

ఇప్పుడు వాడు ఆరంతస్తుల బొమ్మని దాటేశాడు. దేశంలోకెల్లా ఎత్తైన అపో కొండని కూడా దాటేశాడు. పసీత తన బండి తెచ్చి వాడి కాలి బొటనవేలి మీద పెట్టుకుని, ఒక చేత్తో అరటిపళ్ళు వేయిస్తూ, ఇంకో చేత్తో పాదం నిమురుతూ, మిగిలిన మాటలు తీరిగ్గా అంటోంది. బుగ్గలు పూర్తిగా చదునయ్యాయి. చక్కని మనిషి, నేనే గమనించలేదు.

ఇంత ఎత్తు మనిషిని దేశమంతా చూస్తుంటే దిష్టి తగలదూ? ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టుకుని నేను ఎక్కుతున్నాను. గింజలు మొలిచి తీగలై వాడి కాళ్ళని అల్లుకున్నాయి, ఎక్కడానికి వీలుగానే ఉంది. మోకాలి దగ్గర పిందెలు వరసగా వేలాడుతూ వాడి పాటకి గొంతు కలుపుతున్నాయి.

కింద నుంచి పసీత గొంతు వినిపిస్తోంది. "మీరూ బాగా పాడుతున్నార్రా!"

ఆ మాట విన్న పిందెకల్లా అడుగున బుల్లి బుల్లి పాదాలు మొలుస్తున్నాయి, ఆవిడ వేలు ఆనించడానికి.