బుర్గి వదిన పూసిన మైనం

"మరిదీ, ఇందాక నువ్వు గుడిసెలో కైజర్‌ష్మారెన్ అట్టుముక్కలు మెక్కుతున్నప్పుడు మన స్కీలకి మైనం నేనే పూశాను" అంది బుర్గి, కొండ మీద పందెం మొదలయ్యే గేటు దగ్గర నిలబడి. "నీ డబ్బాలోది నాకు, నా డబ్బాలోది నీకు."

గెబ్‌హార్ట్‌కి గుండె జారి బూట్లలో పడింది.

తొమ్మిదేళ్లుగా ఈ వదినకి కళ్లు అతనే. చూపులేనివాళ్ల మంచు పందెంలో ఒకరు ముందు జారుతూ, హెల్మెట్ మైకులో దారి చెబుతూ పోవాలి. ఆ గొంతు పట్టుకుని రెండోవాళ్లు వెనక రావాలి. ముగింపు గీత కూడా దారి చెప్పేవాడే ముందు దాటాలి, లేకపోతే ఇద్దరినీ పందెంలోంచి తీసి పారేస్తారు. అది నియమం. నియమంలో లేనిది ఇంకొకటుంది, అది గెబ్‌హార్ట్‌కి తప్ప ఎవరికీ తెలియదు. మైనం ఎంత మంచిదైతే స్కీ అంత జోరుగా జారుతుంది. మంచి మైనం తన స్కీలకి, నాసిరకం మైనం వదిన స్కీలకి. తొమ్మిదేళ్లూ అదే వరస! "దానికి ఏ దెబ్బా తగలకుండా ఇంటికి తీసుకురారా" అని అన్న అలోయిస్ మొదటి పోటీనాడు చెయ్యి పట్టుకుని చెప్పాడు మరి. దెబ్బ తగల్లేదు. పతకమూ రాలేదు. ఎప్పుడూ నాలుగో స్థానమే, ఈ రోజు రెండు పరుగుల్లో మొదటిదాంట్లో కూడా. నలభై మూడేళ్ల బుర్గి ఇదే తన ఆఖరి పోటీ అని లోయంతా చాటింది.

"కళ్లు లేవు గానీ ముక్కుంది కదయ్యా! రెండు డబ్బాలకీ రెండు వాసనలు. ఎందుకని కింద అడుగుతాను. పద!"

"వదినా, కాస్త నా మాట..."

గంట మోగింది. పోక తప్పలేదు.

"ఎడమ! హోప్! కుడి!" అని అరుస్తున్నాడు. మడమల వెనకే సర్రుసర్రుమంటోంది వదిన. ఇన్నేళ్లలో ఆ చప్పుడు ఇంత దగ్గరగా ఎన్నడూ వినలేదు.

"ఏం మరిదీ, ఎప్పుడూ పక్క ఊళ్లోంచి మాట్లాడేవాడివి, ఇవాళ చెవిలో కూర్చున్నావేం?"

"కుడి! వదినా, మెల్లగా!"

"నువ్వే తొందరగా! తొక్కేస్తాను చూడు!"

ఆవిడ పకపకా నవ్వుతోంది. ఆ నవ్వు మైకులోంచి అతనికీ అంటుకుంది. భయపడాల్సింది పోయి గెబ్‌హార్ట్ కూడా నవ్వడం మొదలుపెట్టాడు. "ఎడమ! హిహి! కుడి! ఓరి నాయనో!" కంచె పొడుగునా జనం ఆవుల గంటలు పట్టుకుని వాయించేస్తున్నారు.

ఆఖరి జెండా దాటాక వాలు తగ్గింది. అక్కడ నాసిరకం మైనం తన నాసిరకం చూపించింది. గెబ్‌హార్ట్ స్కీలు జిగురులో పడ్డట్టు లాగుతున్నాయి, వదిన అతని పక్కకే వచ్చేసింది.

"వదినా, గీత దగ్గరే! ఒక్క బ్రేకు వెయ్యి!"

"తొమ్మిదేళ్లు నువ్వు వేశావుగా, చాల్లే!"

ఇక ఏం చేస్తాడు పాపం. కర్రలు వదిలేసి, మెడ చాపి, పొట్ట మీద ధబేల్మని పడి జారాడు. ముందు అతని ముక్కు గీత దాటింది, వెంటనే వదిన దాటింది, ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి మంచులో దొర్లారు.

న్యాయనిర్ణేతలు వీడియో మూడుసార్లు తిప్పి చూశారు. ముక్కు ముందే! మొదటి పరుగులో ముందున్న మూడు జంటలూ ఆఖర్న దిగి వచ్చేశాక, రెండు పరుగుల సమయమూ కలిపి స్కోరు పలక మీద బుర్గి పేరు రెండో స్థానంలో వెలిగింది. అలోయిస్ గంట పారేసి కంచె దూకాడు.

"ఇప్పుడు చెప్పు" అంది బుర్గి, మరిది చెవి పట్టుకుని.

"భయం వదినా. నీకేమన్నా అవుతుందని. అన్నయ్యకి మాటిచ్చాను."

బుర్గి నవ్వు ఆగిపోయింది. "నాకు చేతకాదేమో అనుకున్నానురా. తొమ్మిదేళ్లు. అందుకే మానేద్దామనుకున్నాను."

గెబ్‌హార్ట్‌కి ఏడుపొచ్చింది. బుర్గి అతని చెవి వదిలి, తడుముకుంటూ అతని ముఖం మీది మంచు తుడిచింది.

"ఏడవకు. మానడం మానేశాను. వచ్చే ఏడాదికి ఆ పొట్ట తగ్గించుకో, నా ముందు పరిగెత్తాలి."

మంచి మైనం డబ్బా ఆవిడ తన జేబులో వేసుకుంది.