చీర కట్టిన ముత్తాత

నా మొగుడు మౌలాలి లైసెన్సు కవరు వెనకాల ఒక ఆడమనిషి ఫోటో దొరికింది. పాతకాలపు చీరకట్టు, ముక్కెర, ఓరగా ఒక చూపు. గల్ఫులో, ముఐథర్‌లో ఒకే అరబ్బు ఇంట్లో ఆయన డ్రైవరు, నేను వంటమనిషిని. పెళ్ళాం పక్కనే ఉండగా ఈ దాపరికం దేనికి?

"మా అబ్బకు నాయన, నాకు ముత్తాత," అన్నాడు. "మూగ సినిమాల్లో ఆడవేషాలు ఏస్తాండె. అప్పుడు ఆడోళ్లు యాడొస్తారు సినిమాలకు?"

"మరి దాచిపెట్టినావెందుకు?"

"తోటి డ్రైవర్లు చూస్తే నగుతారని."

నేను నమ్మలేదు. అది మగాడి నడుమా? అప్పటికప్పుడే కడపలో ఉన్న అత్తకు వాట్సాప్‌లో ఫోన్ చేశాను.

అత్త నవ్వింది. "నిజమే ఖాసింబీ. ఆ పటం చూసి, ఎవతినో పెట్టుకున్నాడని ఆయప్ప పెండ్లాం కూడా అలిగి పుట్టింటికి పాయ. ఆయప్ప ఆ చీరే కట్టుకోని పోయి వాకిట్లో నిలబడితే గానీ నమ్మల్యా."

తల్లీకొడుకులు కూడబలుక్కున్నారేమో! పెట్టెలోంచి నా పెళ్లిచీర తీసి మౌలాలి మొహాన కొట్టాను.

"నువ్వూ కట్టు. పోలికుందో లేదో చూస్తా."

గొణుక్కుంటూనే ప్యాంటు మీద కట్టుకున్నాడు. పైట సర్దుకుని ఓరగా చూశాడు. అచ్చం ఫోటోలో ఉన్న చూపే. నా అనుమానం తీరిపోయింది.

అంతలో కుచ్చిళ్ల మీద కన్ను పడింది. అంచు జారకుండా, నాకే ఎప్పుడూ కుదరనంత పొందికగా పెట్టాడు.

"ఇవి పెట్టడం నీకు ఎవతి నేర్పింది?" అన్నాను.