పలక కాచే నిప్పు

బెంగళూరు పక్క హూడిలో ఆ ఏడు పడిన వానకు కప్పలు కూడా గొడుగులు వెతుక్కున్నాయి. అంత తేమలో దూడతోలు బిగించిన పలక డప్పు ఎలా మోగుతుంది? చెన్నయ్య పుల్ల వేస్తే తడిసిన గోనెసంచిని బాదినట్టు దబ్బుమంది.

అపార్ట్‌మెంటు గేటు ముందు వినాయకుడు ట్రాక్టరెక్కి సిద్ధంగా ఉన్నాడు. పలకల మేళానికి పెద్ద భరత్, చెన్నయ్యకు అక్క కొడుకు. మేళంలో అందరివీ ఫైబర్ పలకలే. తోలుది చెన్నయ్యదొక్కటే.

"మామా, ఈ దినం నీది మోగకపోతే ఇంగ దాన్ని ఇంట్లోనే పెట్టు. జనం నగుతా ఉండారు," అన్నాడు భరత్.

"రవంత కాంచితే గంట మాదిరి మోగతాదప్పా. నిప్పు కావల్ల."

"ఈడ మంటేస్తే సెక్యూరిటీవాళ్లు వినాయకుడితో పాటు మనల్నీ చెరువులో కలిపేస్తారు."

చెన్నయ్య మోకాళ్లు పొద్దున్నుంచీ మూలుగుతున్నాయి. భుజం ఊడి చేతికొచ్చేలా ఉంది. అయినా ఆ తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక గీకి, చట్రానికి బిగించింది తానే. దాన్ని మూలన పడేయడానికి మనసు రాలేదు. గేటు పక్కన ఇస్త్రీబండి పెట్టుకున్న సొన్నమ్మ దగ్గరికి కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు.

"సొన్నక్కా, నీ పెట్టెలో బొగ్గుల మీద దీన్ని రవంత కాంచుకుంటా."

"చీరలు గుట్ట పడుండాయన్నా. బిరబిరా కానీ."

పెట్టె మూత తెరిచింది. పలకను నిప్పుకు జానెడెత్తున పట్టి, తిప్పుతూ, వేలితో తట్టి వినాలి. కాచేటప్పుడు మాట్లాడకూడదు. నోరు తెరుచుకుంటే చెవి మూసుకుంటుందని పాతవాళ్ల మాట.

"తోలేమిటికన్నా ఇంగా? ప్లాస్టిక్ హాయిగా ఉండాది గదా," అంది సొన్నమ్మ.

చెన్నయ్యను అడగకూడని మాట అది.

"తోలంటే ఏమనుకుంటివి సొన్నక్కా. మా తాతకు కపిల బాన ఉండె, బావిలో నీళ్లు తోడేదానికి ఎద్దుతోలుతో కుట్టింది. ఒక తూరి పైకొస్తే మూడెకరాలు తడిసేది. ఒక రేయి నీళ్లతో పాటు చంద్రున్ని గూడా తోడుకొచ్చింది. తెల్లారిందనుకోని ఊర్లో ఎనుములన్నీ పాలిచ్చేసినాయి. అవ్వ తిట్టినంక తాత మళ్లా బావిలో ఇడిసిపెట్టె."

"అబద్ధానికైనా ఒక అంతుండల్ల," సొన్నమ్మ నవ్వింది.

"ఇను. కరెంటు మోటార్లు వచ్చినంక ఆ బానను కోసి ఇంటిల్లిపాదికీ చెప్పులు కుట్టిరి. తొడుక్కుంటే చాలు, కాళ్లు వాటికవే బావి దావ పట్టేవి. మా నాయిన తన పెండ్లికి పోతా పోతా బావికాడ తేలినాడు. అవి అరిగినంక కొలిమి తిత్తికి అతుకేసిరి. ఆ తిత్తి ఊదితే పక్కూర్లో..."

"అన్నా, వాసన."

కొమ్ము కాలిన వాసన. చెన్నయ్య పలకను లాగేలోగా తోలు ముడుచుకుని, నడిమధ్యన ఠప్పుమని చిట్లింది. చీలికలోంచి బొగ్గుల ఎరుపు కనబడింది. ఇంత వయసొచ్చి, పుల్ల పట్టిన మొదటి దినం నేర్చుకున్న మాటనే మరిచాడు.

భరత్ వచ్చి చూశాడు. ఇంకొక ఫైబర్ పలక తెచ్చి మామ మెడకు తగిలించాడు.

వినాయకుడి మెరవణిగ ఊరేగింపుగా చెరువు వైపు కదిలింది. కొత్త పలక పిచ్చుకంత బరువు. వాన ఎంత కురిసినా దాని గొంతు మారలేదు. జనం ఎగిరారు. తోలు పలక ఏదని ఒక్కరూ అడగలేదు.

కొంత దూరం పోయాక గానీ చెన్నయ్యకు అసలు కష్టం తెలియలేదు. తోలు పలకలున్న కాలంలో ప్రతి మలుపులోనూ ఆగి, గడ్డి మంటేసి, పలకలు కాచుకునేవాళ్లు. బీడీ ముట్టించేవాళ్లు, కాళ్లు చాపేవాళ్లు. తోలు అలిసిపోయేది కాబట్టి మనిషికీ ఊపిరి తీసుకునే వేళ దొరికేది. ఇది అలిసిపోదు. ఆగనివ్వదు.

"అప్పా, రవంత ఆగుదాం."

"ఏమిటికి మామా? దీన్ని కాంచే పని లేదు గదా."

"దానికి లేదులే. నాకుండాది."

భరత్ పుల్ల ఆపలేదు. ట్రాక్టరూ ఆగలేదు. చెన్నయ్య వరసలోంచి తప్పుకుని, టీ అంగడి పొయ్యి పక్కన గట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి ఇంకొక పలక ఆగింది. దాని వెనక మరొకటి. చివరికి భరత్ ఒక్కడే మిగిలాడు. ఒక్క పలకకు ఎవరూ ఎగరలేదు. ట్రాక్టరూ నిలిచిపోయింది. అతనూ పుల్ల నడుముకు చెక్కుకుని, చొక్కా అంచు పిండుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"భుజమా మామా, నొప్పి?"

"భుజం ఉండాదో లేదో చూసి నువ్వే చెప్పప్పా," అన్నాడు చెన్నయ్య, కళ్లు మూసుకుని.