బొబ్బర్ల చేను

మా పేటలో శౌరమ్మంత మొండిది లేదు. చల్లపల్లి అవతల, కాలువ చివర, తిరుపతిరావు గారి ఎకరం ఆమే, మొగుడు అంతోనీ కౌలుకు చేసేవాళ్లు. నోటిమాట కౌలు. ఏటా ఉగాదికి మళ్లీ వెళ్లి అడుక్కోవాలి. వరి కోశాక ఆ చేనుకు చుక్క నీళ్లు రావు. వేసవంతా ఎండి పడి ఉండేది, ఊరి పశువులు తిరిగేవి.

డెబ్బై మూడులో బ్లాకు ఆఫీసు గ్రామసేవక్ కొత్తరకం బొబ్బర్లు తెచ్చాడు. మంచు పదునుకే పండుతాయట, పిల్లలకు ఉడికించి పెడితే ఒంటికి పడతాయట. మాగాణిలో బొబ్బర్లేమిటని మగాళ్లంతా పగలబడి నవ్వారు. శౌరమ్మ ఆ గింజలకు చెంగు పట్టింది.

కోతకు ముందే, నిలబడ్డ వరిలో, బురద ఆరకుండా గింజలు చల్లింది. పనలు ఎత్తగానే చుట్టూ తుమ్మకంప వేసింది. పశువుల నోరు కొట్టిందని ఊరు ఊరంతా తిట్టిపోసింది. మా గేదె కూడా అక్కడే మేసేది, నాకూ ఒళ్లు మండింది.

చేను విరగకాసింది. తొలిపంట ఆసామి ఇంటికి పంపడం మా ఆనవాయితీ. శౌరమ్మ తట్టనిండా ఎత్తింది.

“కౌలు వరికే గదే! ఇవెందుకు ఆయనకి?” అన్నాడు అంతోని.

“భూమి ఆయనది. ఇవ్వకుండా మనం తింటే బాగోదు” అందామె.

ఆ నెలంతా వాళ్లింట్లో గుగ్గిళ్లే. నవ్విన వాళ్ల పిల్లలు కూడా గుమ్మంలో చేరారు. అందరికీ పెట్టింది. అక్కడ ఆసామి ఇంట్లో ఆయన భార్య మాణిక్యమ్మ గారు వడలు వేసిందట. తిరుపతిరావు గారు రెండు తిని, చెయ్యి కడుక్కుని, చేను చూడ్డానికి వచ్చారు. విత్తనానికని ఒక బస్తా అడిగి పట్టించుకెళ్లారు.

ఉగాదికి కౌలు అడగబోతే, “ఈ ఏడు మేమే చేసుకుంటాం శౌరమ్మా. కోతల ముందు నువ్వొచ్చి గింజలు చల్లిపో. నీ చెయ్యి మంచిది” అన్నారు. మెచ్చుకున్నారు మహానుభావుడు!

కోతల ముందు కబురొచ్చింది. కూలికి నేనూ ఆమే వెళ్లాం. ఆమె పండించిన విత్తనం, ఆమె చదును చేసిన చేను. సాయంత్రానికి చల్లడం అయిపోయింది. గట్టెక్కుతుంటే తిరుపతిరావు గారు అడ్డం నిలబడ్డారు.

“కొంగు దులిపి వెళ్లండి.”

శౌరమ్మ కొంగు విప్పి, ఆయన ఎదురుగానే విదిలించింది. ఒక్క గింజ రాలలేదు.

“ఇంకా దులపమంటారా అండి?” అంది.