జడల మందు

"గరిటె ఆపకే కోడలా! అడుగంటిందంటే ఆ మాడు వాసన ఓ పట్టాన వదలదు," అని అత్త రాబియాబీబీ అరుగు మీది నుంచి కేకేసింది.

హోసియత్ ఆపలేదు. గొర్రెతోక కొవ్వు కరిగి బుడగలు వస్తున్నాయి. అందులో అక్రోటు ఆకు, వెల్లుల్లి, దంచిన మిరియాలు. కళ్లు మండుతున్నాయి. తలగుడ్డ కింద చెమట కారుతోంది, గోక్కుందామంటే జడలు కదులుతాయని భయం. బుఖారాలో ఎంతోమంది ఆడవాళ్లు జుట్టు పెరగాలని తలకి పట్టించే మందు ఇది. బజారులో ఆమె భర్త అష్రఫ్ మూలికల దుకాణంలో దీని పేరు 'అష్రఫ్ మందు'. కాచేదెవరో, చేతులు బొబ్బలెక్కేదెవరికో అడిగినవాళ్లు లేరు. మొదట్లో అందుకు ఉక్రోషంగా ఉండేది. ఈమధ్య, పేరు తనది కాకపోవడమే నయమైందని అనుకుంటోంది.

అసలు ఈ మందు వాళ్లమ్మది. చలికాలంలో పొడిబారిన మాడుకి రాసేది, అంతే. జుట్టు మొలుస్తుందని అమ్మ ఏనాడూ అనలేదు. మిరియాలూ వెయ్యలేదు. "మంట పుట్టాలే! మండితేనే పనిచేస్తోందని నమ్ముతారు. వ్యాపారం నీకేం తెలుసు?" అని అష్రఫ్ ఇంకో గుప్పెడు వెయ్యమన్నాడు. వేసింది. చెప్పింది ఆయనే కావచ్చు, వేసింది మాత్రం తన చెయ్యే కదా అనుకుంటే ఆమెకు ఒళ్లంతా ముడుచుకుపోతుంది.

ఆఖరి కాన్పు తర్వాత హోసియత్ జుట్టు దువ్వెన పెడితే చాలు, కుచ్చులుకుచ్చులుగా ఊడొచ్చేసింది. ఆ ఊళ్లో రాలిన వెంట్రుకలు పారెయ్యరు, ఉండ చుట్టి గోడ పగుళ్లలో దోపుతారు. రాబియాబీబీ ఆ ఉండలన్నీ బయటికి లాగి, కడిగి, నల్లపట్టుదారం కలిపి సన్నసన్నని జడలు అల్లి, కోడలు తలగుడ్డ కింద పెట్టుకునే టోపీ అంచుకి కుట్టేసింది. "ఇందులో అబద్ధమేముందే? నీ జుట్టే, నీ తలమీదే ఉంది," అంది. ఎంత పనిమంతురాలో చెప్పలేం! నడుం దాటి వేలాడే ఆ జడల్ని ఎవరూ అనుమానించలేదు. అష్రఫ్‌కి తెలుసు. "నేను తినేటప్పుడు ఆ తలగుడ్డ ముట్టుకోకు, పులావు సహించదు," అంటాడు. అన్నవాడే మర్నాడు దుకాణంలో, "మందు మీద నమ్మకం లేకపోతే మీ ఆడవాళ్లని మా ఇంటికి పంపండి. మా ఆవిడ జడలు చూసిపోతారు," అంటాడు.

చూడ్డానికి వస్తారు. ఇవాళా వచ్చారు. లోపలి వాకిట్లో ఒకరికొకరు పుల్లటి పెరుగుతో తలంటుకుంటూ కబుర్లాడుకుంటున్నారు. ఇందాకే అత్త ఆమెని మధ్యలో నిలబెట్టి, "వెనక్కి తిరగవే, సిగ్గెందుకు?" అంది. జడల కొసలు పట్టి చూసి, "అబ్బ, అదృష్టవంతురాలు!" అన్నారు వాళ్లు. సంతలో గుర్రంలా నిలబడ్డందుకు కాదు ఆమెకి సిగ్గు. వాళ్లు నమ్ముతున్నందుకు.

పొయ్యి మీంచి మందు దించుతుంటే ముఅత్తర్ వచ్చి పక్కన కూర్చుంది. పక్కవీధి పిల్ల, ఈమధ్యే తల్లయింది. ఒళ్లో పసిగుడ్డు.

"అక్కా, ఇంకాస్త మందిస్తావా? మొదట తీసుకెళ్లింది అయిపోయింది."

"గుణం కనపడిందా?"

"నేనే సరిగ్గా రాయలేదేమో అక్కా. నీ మనసు శుభ్రంగా లేదు, అందుకే పట్టలేదంటోంది మా అత్త. ఇప్పుడు కూడా మొలవకపోతే ఆయనకి ఇంకో పెళ్లి చేస్తారట." గొంతు తగ్గించి తలగుడ్డ పక్కకి జరిపింది. "మండినా ఊరుకోలేదు. రోజూ గట్టిగానే రుద్దాను."

ఆ లేత మాడంతా పుండ్లు. రసి కారుతోంది. ఇలాంటప్పుడు ఏం చెప్పాలో హోసియత్‌కి బాగా అలవాటే. ఓపిక పట్టు, నమ్మకంతో రాయి. ఎందరికి చెప్పలేదు! ఇవాళ నాలిక తిరగలేదు. నిజం చెబితే దుకాణం మూతపడుతుంది. అష్రఫ్ ఇంట్లోంచి గెంటినా గెంటుతాడు, పిల్లల్ని వదిలేసి ఎక్కడికని పోతుంది? చెప్పకపోతే ఈ పిల్ల ఇంటికెళ్లి, తనలో ఏదో పాపం ఉందనుకుంటూ, ఆ పుండ్ల మీద మళ్లీ మిరియాలు రుద్దుకుంటుంది. తనమీద తనకి పుట్టిన అసహ్యం ముందు ఆ భయం చిన్నదైపోయింది.

ముఅత్తర్ చెయ్యి పట్టుకుని తన టోపీ కిందికి తీసుకెళ్లింది. "ముట్టుకో."

ఆ వేళ్లు నున్నటి మాడు మీద ఆగిపోయాయి. పిల్ల కేక వెయ్యలేదు, చెయ్యి లాక్కోలేదు. నెమ్మదిగా అడిగింది.

"అయితే అక్కా, ఇందులో నా తప్పేం లేదా?"

ఈ మాట తనెప్పుడూ ఎవర్నీ అడగలేదని హోసియత్‌కి అప్పుడు తట్టింది. ఏడుపు తన్నుకొచ్చింది. "లేదమ్మా. నీదీ లేదు, నాదీ లేదు. కాన్పయ్యాక కొందరికి ఊడుతుంది. ఆ పుండ్లు మాత్రం నా వల్లే. ఇక రాయకు."

గుసగుసలు అరుగుదాకా వెళ్లినట్టున్నాయి. పెరుగు పూసుకున్న తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఏమిటే, ఏమంటోంది ఆ పిల్ల?" అని రాబియాబీబీ గద్దించింది.

ఏం లేదత్తయ్యా అంటే సరిపోయేది. హోసియత్ లేచి నిలబడి, వాకిట్లో అందరికీ వినపడేలా చెప్పింది.

"మందు తనకి పనిచెయ్యలేదంటోంది అత్తయ్యా. నాకూ పనిచెయ్యలేదని చెప్పాను."