వెనక కూర్చునే మనిషి

కొత్త మోటారు సైకిలు కొంటున్నానని చెబితే మా ఆవిడ అర్చన వంకాయలు తరుగుతూ తలైనా ఎత్తలేదు. "కొనుక్కోండి. రామేశ్వరం మీరు బండి మీద రండి, నేను బస్సులో వస్తా," అంది.

నాకు ఒళ్లు మండింది. నేను నరసరావుపేట కోర్టులో బెంచి క్లర్కుని. రోజంతా వాయిదాలు పిలవడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా వాయిదాలేనా? బండి మీద రామేశ్వరం వెళ్లాలని పెళ్లయిన కొత్తలో ఇద్దరం కలిసే అనుకున్నాం. ఇరవై రెండేళ్లు గడిచిపోయాయి. ఈ దసరా సెలవులకి కాకపోతే ఇక నాకూ ఓపిక ఉండదు. ఒక్కడినే వెళ్లొచ్చు, ఎవరూ కాళ్లు పట్టుకుని ఆపరు. కానీ ఆవిడ వెనక లేకుండా వెళ్లడం నాకు ఇష్టం లేదు.

ఆవిడ బాధ అబద్ధమేమీ కాదు. మూడేళ్ల కిందట శ్రీశైలం బయల్దేరితే, దోర్నాల చేరేసరికి నడుం పట్టేసి దిగిపోయింది. ఆవిడని బస్సెక్కించి, ఘాట్ రోడ్డు పొడుగునా ఆ బస్సు పొగ పీలుస్తూ వెనకాలే వెళ్లాను.

ఆ నడుం కోసం ఇప్పటికి మూడు బళ్లు మార్చాను. ఈసారి పొరపాటు జరగకూడదని పట్టుబట్టి నెలరోజులు ఫోన్లో వీడియోలు చూశాను. సీటు వెడల్పెంత, మెత్తదనమెంత, షాకబ్జార్లు ఎలాంటివి, ఆగకుండా ఎంతదూరం పోతుంది, అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. కోర్టులో కేసు కట్టలు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండను. చివరికి మూడు బళ్లు మిగిలాయి. ఆదివారం అర్చననీ, మా మెకానిక్ దావూద్‌నీ వెంటబెట్టుకుని షోరూముకి వెళ్లాను. ఇరవయ్యేళ్లుగా నా బళ్ల బాగోగులు చూసేది దావూదే.

మొదటి బండి మీద కోటప్పకొండ రోడ్డులో ఐదారు మైళ్లు తిప్పి తెచ్చాను. అర్చన దిగి, నడుం మీద చెయ్యేసుకుని, "ఇదీ అంతే," అంది. రెండోదీ అంతే. మూడోది అన్నిటికన్నా ఖరీదైనది, సోఫాలాంటి సీటు. అదీ అంతే అనేసరికి నాకు నోరు ఆగలేదు.

"లోకంలో నడుములన్నీ ఒకెత్తు, నీ నడుం ఒకెత్తు. నీకు రావడం ఇష్టం లేదని చెప్పరాదూ?"

ఆవిడ గిరుక్కున తిరిగింది. రోడ్డు మీదకెళ్లి ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది. షోరూము మేనేజరు మర్యాదకి ఫోను చూసుకున్నాడు.

దావూద్ ఆ ఖరీదైన బండి చుట్టూ ఒకసారి తిరిగి, స్టార్ట్ చేసి, "ఎక్కన్నా వెనక," అన్నాడు.

ఎక్కబోయాను.

"అట్లా కాదు. వదిన కూర్చున్నట్టు కూర్చో. ఒకపక్కకి."

"నీకేమన్నా మతిపోయిందా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"చూడనీ. మూడు బళ్లమ్మించావు నా చేత. నాలుగోది కొనేముందు ఒక్కసారి కూర్చో."

రెండు కాళ్లూ ఎడమపక్కకి వేసి కూర్చున్నాను. కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియలేదు, దేన్ని పట్టుకోవాలో అంతకన్నా తెలియలేదు. ఊరు దాటేలోపే మా కోర్టు వకీలు ఒకాయన స్కూటరు పక్కకి తెచ్చి, "ఏంది క్లర్కు గారూ, కాలికేమన్నా దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. తగిలిందనే చెప్పాను. మూడో మైలు నుంచి నడుం మెలిపెట్టినట్టుంది. గతుకు ఎప్పుడొస్తుందో కనపడదు, వచ్చాక తెలుస్తుంది. ఐదో మైలులో దావూద్ భుజం గట్టిగా పట్టుకుని ఆపమన్నాను.

"చానా మెత్తటి సీటు కదన్నా," అన్నాడు దావూద్. నవ్వు ఆపుకోవడానికి వాడు పడుతున్న అవస్థ చూస్తే కొట్టాలనిపించింది.

రోడ్డు పక్కన నిలబడి నడుం సరిచేసుకుంటుంటే నాకు నిజంగా సిగ్గేసింది. నోటు పుస్తకంలో సీటు అంగుళాలు రాసుకున్నాను కానీ, దానిమీద మనిషి ఎలా కూర్చుంటోందో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ఇంట్లో అర్చన పక్కన కూర్చుని, "పొద్దున నేనన్నది తప్పు," అన్నాను. దావూద్ నన్ను ఎలా కూర్చోబెట్టాడో చెప్పాను. వకీలు మాట దగ్గర పగలబడి నవ్వింది. "నువ్వు కూడా రెండుపక్కలా కాళ్లేసి కూర్చుంటే సరి. వాకింగుకి వేసుకునే పంజాబీ డ్రెస్సులున్నాయిగా," అన్నాను.

ఆవిడ నవ్వు ఆపి గొంతు తగ్గించింది. "అత్తయ్య వద్దన్నారుగా."

"ఎప్పుడు?"

"పెళ్లయిన నెలకి. సత్తెనపల్లి సినిమాకెళ్తుంటే."

మా అమ్మ తిరుపతమ్మకి డెబ్బై నాలుగేళ్లు. చెవులు మాత్రం ఇరవై ఏళ్లవి. వసారాలోంచి లేచొచ్చింది.

"ఏమే, నేనేం వద్దన్నా?"

అర్చన కొంగు సర్దుకుంది. "మగాడిలాగా ఆ కూర్చోవడమేందని అన్నారు, అత్తయ్యా."

అమ్మ తల గోక్కుంది. "అని ఉంటాలే. కొత్త కోడలివి, అరుగుల మీద జనం చూస్తన్నారని అని ఉంటా. ఆ ఒక్కమాటకి ఇన్నేళ్లు నడుం విరగ్గొట్టుకున్నావంటే, నువ్వేం మనిషివే?"

"మీరు మళ్లీ సరే అనలేదుగా."

కోర్టులో ఇలాంటివి చాలా చూశాను. ఎప్పుడో ఇచ్చిన స్టే, ఇచ్చినవాళ్లు మర్చిపోతారు, ఎత్తేయమని ఎవరూ అడగరు, అది అలాగే నడుస్తూ ఉంటుంది. మా ఇంట్లోనే ఒకటి నడుస్తోందని ఇన్నాళ్లూ తెలియలేదు.

అమ్మ కోడలి పక్కన కూలబడి, ఆ నడుం మీద చెయ్యేసి మెల్లగా రుద్దింది. "సరే అంటన్నా. ఎట్టా కుదిరితే అట్టా కూర్చో. నాకు తెలీదే తల్లీ," అంది. అర్చన కళ్లు తుడుచుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

పై ఆదివారం మేనేజరుని బతిమాలి రెండో బండిని ఇంకోసారి తిప్పి చూడ్డానికి తీసుకున్నాను. ఖరీదు మధ్యరకం, వెనక సీటు ముందు సీటుకన్నా బాగా ఎత్తు. ఎక్కడం కష్టమని, ఆ ఎత్తు చూసే పుస్తకంలో దాన్ని కొట్టేయబోయాను. అర్చన పంజాబీ డ్రెస్సులో వచ్చి, నా భుజం పట్టుకుని, అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుంది. సత్తెనపల్లి రోడ్డెక్కాం.

రెండు మైళ్లు ఏమీ మాట్లాడలేదు. నాకు భయమేసింది. మూడో మైలులో, "ముందు గొర్రెలున్నాయి, చూసుకోండి," అంది. తర్వాత స్పీడు బ్రేకరు రాకముందే "మెల్లగా" అంది. ఎదురుగా వచ్చే పత్తి లారీని నాకన్నా ముందే చూసింది. నా తలమీదుగా ఆవిడకి రోడ్డంతా కనపడుతోంది.

సత్తెనపల్లి దాకానే వెళ్లి వస్తామని మేనేజరుకి మాటిచ్చాను. అక్కడ బండి ఆపి, "నడుం ఎలా ఉంది?" అని అడిగాను.

"నడుం సంగతి తర్వాత. ఒకటి చెప్పండి," అంది, ముందున్న రోడ్డువైపే చూస్తూ. "ఇరవై రెండేళ్లు ఇదంతా మీరొక్కరే చూసుకుంటా వెళ్లారా?"

అవునని తలూపాను.

"ఈ బండే తీసుకోండి," అంది.